పరుల తీర్పు - మన తూకము

కృష్ణా డెల్టాలో అమెరికా రాజకీయము నేడు పరదేశపు వార్త కాదు. అది ఇంటి ముచ్చట. గుడివాడ మొదలు తెనాలి వరకు ఏ వీధిలో విచారించినా, కుమారుడో కుమార్తెయో మనుమడో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇల్లు ఒకటి కనబడుతుంది. అక్కడ ఎన్నికలు జరిగితే ఇక్కడ లెక్కలు వేస్తారు. అక్కడి వ్యాఖ్యాతల మాటలు రేడియోలోను, టెలివిజన్‌లోను, చేతిలోని ఫోనులోను పగలనక రాత్రనక వినబడుతున్నవి. వినగా వినగా చాలమందికి విసుగు పుడుతున్నది. ఆ విసుగుకు కారణములు అనేకములున్నా ప్రధానమైనది ఇది: ఆ వ్యాఖ్యలలో తరచుగా అమెరికా న్యాయాధిపతి పీఠము మీద కూర్చుంటుంది; తక్కిన ప్రపంచమంతా బోనులో నిలబడుతుంది.

మతమును ప్రభుత్వములో కలుపరాదని పరులకు బోధించే దేశము తన డాలరు నోటు మీద దేవుని పేరు అచ్చువేస్తున్నది. శాసనసభా కార్యక్రమమును ప్రార్థనతో ఆరంభిస్తున్నది. ఈ వైరుధ్యమును చూచి కోపగించుట సులభము. కాని కోపముతో ఆగిపోయినవారికి క్రొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. అందుచేత మేము ఈ వ్యాసములో విషయమును మూడు భాగములుగా విడదీసి చూడదలచినాము. అమెరికాలో చట్టము చెబుతున్నదేమి? ఆచారము చేస్తున్నదేమి? ఈ రెంటి నడుమ జాతీయాహంకారము ఎట్లు ప్రవేశించినది? అటు తరువాత అదే తక్కెడలో మనలను మనము తూచుకొనవలెను. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి పెట్టే వర్తకునికి పరుల తూకమును తప్పుపట్టే హక్కు ఉండదు గదా!

ముందుగా చట్టము. 1787లో వ్రాసిన అమెరికా రాజ్యాంగము తన అధికారము దేవుని వలన వచ్చినదని ఎక్కడను చెప్పలేదు. ప్రజల పేరిట అది ఆరంభమవుతుంది. ఏ ప్రభుత్వోద్యోగమునకైనను మతపరీక్ష పెట్టరాదని అందులోని ఆరవ అధికరణము శాసించినది. అధ్యక్షుని ప్రమాణ పాఠములో దేవుని పేరు లేదు. ప్రమాణము చేయుటకు ఇష్టపడనివారు ధ్రువీకరించవచ్చునన్న వెసులుబాటు ఉన్నది. 1791లో చేరిన మొదటి సవరణ, కాంగ్రెస్ ఏ మతమునూ అధికార మతముగా స్థాపించరాదనీ, ఎవరి మతాచరణమును అడ్డగించరాదనీ కట్టడి చేసినది. 1797లో ట్రిపోలీతో చేసికొన్న సంధిని సెనేట్ ఆమోదించినప్పుడు, తమ ప్రభుత్వము క్రైస్తవమతము మీద స్థాపించబడినది కాదన్న మాట ఆ సంధిపత్రములోనే ఉన్నది. 1802 జనవరి 1న అధ్యక్షుడు జెఫర్సన్, కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకు వ్రాసిన లేఖలో, మతమునకు ప్రభుత్వమునకు నడుమ ఒక గోడ ఉన్నదని చెప్పినాడు. ఆ గోడ ఉపమానమే నేటికీ అక్కడి న్యాయవాదుల నోట వినబడుతున్నది.

ఆ గోడ మతద్వేషము వలన పుట్టినది కాదన్న సంగతి గుర్తించవలెను. 17వ శతాబ్దములో ఇంగ్లండులోని నిర్బంధమును తప్పించుకొని సముద్రము దాటిన ప్యూరిటనులు, తాము చేరిన మసాచుసెట్స్‌లో మరొక నిర్బంధమును నిర్మించినారు. తమతో ఏకీభవించని క్వేకరులను వారు వెళ్ళగొట్టినారు. 1660లో మేరీ డయ్యర్ అనే క్వేకరు స్త్రీని బోస్టన్‌లో ఉరితీసినారు. జెఫర్సన్‌కు మొరపెట్టుకొన్న బాప్టిస్టులు సైతము క్రైస్తవులే. వారి భయము అన్యమతస్థుల వలన కాదు. తమ రాష్ట్రములో అధికారము చేపట్టిన మరొక క్రైస్తవ శాఖ వలన. మసాచుసెట్స్‌లో చర్చి పోషణకై ప్రజలమీద పన్ను వేసే పద్ధతి 1833 వరకు సాగినది. అనగా ఒకే గ్రంథమును చదివి, ఒకే దేవుని కొలిచేవారి మధ్య సయితము ప్రభుత్వము ఒక పక్షము వహిస్తే రెండవ పక్షమునకు నిలువ నీడ ఉండదన్న అనుభవము నుండి ఆ చట్టము పుట్టినది.

ఇక ఆచారము. నాణెముల మీద దేవుని పేరు 1864 నాటి అంతర్యుద్ధ కాలమునుండే ఉన్నది. కాని ఈనాడు మనము చూచే అధికార చిహ్నములలో ముఖ్యమైనవి 1950 తరువాతివి. అవి సోవియట్ రష్యాతో ప్రచ్ఛన్న యుద్ధము సాగుతున్న దినములు. శత్రువు నిరీశ్వరవాది గనుక తాము ఈశ్వరభక్తులమని చాటుకొనుట దేశభక్తిలో భాగమైనది. 1954 జూన్ 14న, బడిపిల్లలు జెండా ఎదుట చెప్పే ప్రతిజ్ఞలో దేవుని పేరు చేర్చినారు. 1955లో నోట్లన్నిటి మీదను, నాణెములన్నిటి మీదను దైవవిశ్వాస వాక్యము ఉండవలెనని చట్టము చేసినారు. 1956 జూలై 30న ఆ వాక్యమునే జాతీయ సూక్తిగా స్వీకరించినారు. తాతల కాలపు సంప్రదాయమని నేడు చాలమంది తలచే ఆచారము నిజమునకు డెబ్బది సంవత్సరముల నాటి రాజకీయావసరము.

న్యాయస్థానములు ఈ విషయమై ఒకే దారిని నడువలేదు. 1962లో, ప్రభుత్వాధికారులు కూర్చిన ప్రార్థనను ప్రభుత్వ పాఠశాలలో చెప్పించరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2022లో, ఆట ముగిసిన పిమ్మట మైదానములో మోకరిల్లి ప్రార్థించిన ఒక పాఠశాలా శిక్షకుని పక్షమున అదే కోర్టు తీర్పునిచ్చినది. 2024లో లూయిసియానా రాష్ట్రము ప్రభుత్వ పాఠశాలల ప్రతి తరగతి గదిలోను బైబిలులోని పది ఆజ్ఞలను వ్రేలాడదీయవలెనని చట్టము చేయగా, అది వెంటనే న్యాయస్థానములకెక్కినది. కాబట్టి "అమెరికా ఇట్లా అన్నది" అనే మాటను మనము కొంచెము జాగ్రత్తతో వినవలెను. గోడ ఎత్తు పెంచవలెననేవారును అమెరికనులే. గోడను పడగొట్టవలెననేవారును అమెరికనులే. మన చెవిని పడిన వ్యాఖ్యాత ఆ కలహములో ఒక పక్షపు వాది మాత్రమే.

అయితే ఈ ఉభయపక్షములకు ఉమ్మడిగా ఉన్న లక్షణము ఒకటి కనబడుతున్నది. తమ దేశము ప్రపంచమునకు ఆదర్శమన్న విశ్వాసమే ఆ లక్షణము. 1630లో జాన్ విన్‌త్రాప్ తన తోటి ప్యూరిటనులకు చేసిన బోధలో, తాము కొండ మీది పట్టణము వంటివారమనీ, అందరి కన్నులు తమ మీద ఉన్నవనీ చెప్పినాడు. అతడు దానిని హెచ్చరికగా చెప్పినాడు: మాట తప్పితే లోకములో నగుబాటు తప్పదని దాని తాత్పర్యము. కాలక్రమమున హెచ్చరిక పోయి పొగడ్త మిగిలినది. ఇరువదవ శతాబ్దమునాటికి ఆ కొండ మీది పట్టణము అమెరికా నాయకుల ఉపన్యాసములలో స్వదేశ ప్రశంస అయినది. దీనికి భిన్నమైన స్వరము ఒకటి అమెరికా చరిత్రలోనే ఉన్నది. 1865 మార్చి 4న, అంతర్యుద్ధము ముగియబోతున్న సమయములో, అధ్యక్షుడు లింకన్ గెలుపును చాటుకొనలేదు. యుద్ధము చేసిన రెండు పక్షములును ఒకే దేవుని ప్రార్థించినవనీ, ఏ పక్షపు ప్రార్థనయు పూర్తిగా నెరవేరలేదనీ జ్ఞాపకము చేసినాడు. దేవుడు మా పక్షమున ఉన్నాడని ధైర్యముగా ప్రకటించుట ఎంత ప్రమాదమో ఆ మహనీయునికి తెలిసినంతగా అతని తరువాతి వారిలో చాలమందికి తెలియలేదు.

పరదేశముల మత స్వాతంత్ర్యమును విచారించుటకు 1998లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టము చేసినది. ఆ చట్టము క్రింద ఏర్పడిన కమిషన్ ఏటేటా నివేదికలు వెలువరిస్తున్నది. 2020 మొదలు పలు సంవత్సరములు అది భారతదేశమును తీవ్రముగా ఆక్షేపించి, ప్రత్యేక ఆందోళన కలిగించే దేశముల పట్టికలో చేర్చవలెనని సిఫారసు చేసినది. భారత ప్రభుత్వము ఆ నివేదికలను పక్షపాతముతో కూడినవని త్రోసిపుచ్చినది. ఇక్కడ శ్రోతలు రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది, ఆ కమిషన్ సలహా చెప్పగలదే గాని నిర్ణయించలేదు. నిర్ణయము అమెరికా విదేశాంగ శాఖది. కమిషన్ సిఫారసును "అమెరికా నిర్ణయము"గా ప్రచారము చేయుట సరికాదు. రెండవది, చట్టము ప్రకారము ఆ కమిషన్ చూపు విదేశముల మీదనే. స్వదేశములో జరిగేవాటిని విచారించుట దాని పని కాదు. మన విసుగుకు మూలము ఇక్కడ ఉన్నది. ఇతరుల ముఖములను చూచుటకు ఒక సంస్థను స్థాపించినవారు తమ ఇంటిలో ఆ పనికి అద్దమును పెట్టలేదు.

మన డెల్టాకు ఇటువంటి పరీక్ష క్రొత్తది కాదు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికలను అమెరికా శ్రద్ధగా గమనించినది. విజయవాడ అప్పుడు కమ్యూనిస్టులకు పెట్టని కోట అని ప్రసిద్ధి. ఆ ఎన్నికలలో కమ్యూనిస్టు పార్టీకి సుమారు 31 శాతము ఓట్లు వచ్చినా, 196 స్థానములలో 15 మాత్రమే దక్కినవి. మరుసటి సంవత్సరము, 1956 జూన్‌లో, సెలిగ్ హారిసన్ అనే అమెరికా పాత్రికేయుడు అక్కడి రాజనీతిశాస్త్ర పత్రికలో ఆంధ్ర కమ్యూనిస్టులను గూర్చి సుదీర్ఘమైన వ్యాసము ప్రకటించినాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల రాజకీయమును సిద్ధాంతముల కంటె కులముల పోటీయే నడిపించినదని దాని సారాంశము. 1960లో వెలువడిన అతని గ్రంథము, భారతదేశము భాషా భేదముల వలన, కుల భేదముల వలన ముక్కలగునేమో, లేక నిరంకుశత్వము పాలగునేమో అన్న భయమును వ్యక్తము చేసినది.

ఆ వ్యాసము వెలువడిన కాలమును గమనించండి. హారిసన్ మన పల్లెలలోని ఓటు వెనుక కులమును చూపినది జూన్ నెలలో. అమెరికా తన జాతీయ సూక్తిలో దేవుని నిలిపినది జూలై నెలలో. అదే సంవత్సరము ఆలబామా రాష్ట్రములోని మాంట్‌గమరీలో నీగ్రోలని అప్పుడు పిలువబడిన నల్లజాతివారు, బస్సులో సమానమైన స్థానము కొరకు బస్సులనే బహిష్కరించి కాలినడకన తిరుగుతున్నారు. దక్షిణ రాష్ట్రములలో వారి ఓటు హక్కుకు గట్టి రక్షణ కలిగినది 1965 నాటి చట్టముతోనే. మన ఓటులోని కులమును లెక్కించిన దేశములో రంగు చూచి ఓటే నిరాకరిస్తున్న దినములవి.

అట్లని హారిసన్ చెప్పినదంతయు అబద్ధమని త్రోసివేయగలమా? దేశము ముక్కలగునన్న అతని భయము నిజము కాలేదు. కాని కులమును గూర్చి అతడు చెప్పినదానిని మనము ఇంటిలో ఒప్పుకొని, వీధిలో కాదంటున్నాము. 1991 ఆగస్టు 6న, తెనాలి సమీపమున, కృష్ణ పశ్చిమ డెల్టా కాలువలు పారే చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపినారు. ఆ ఊరికి దారి చూపుటకు అమెరికా పాత్రికేయుడు అక్కరలేదు. పరుడు చెప్పినంత మాత్రమున నిజము అబద్ధము కాదు. పరుని ఇంటిలో తప్పున్నంత మాత్రమున మన ఇంటిలోని తప్పు ఒప్పు కాదు. చెప్పేవాని అహంకారము ఒక విషయము. చెప్పిన మాటలోని సత్యము మరొక విషయము. ఈ రెంటిని కలిపివేయుట వలన మనకే నష్టము.

ఇప్పుడు మన తూకమునకు వద్దాము. ప్రభుత్వపు ముఖపత్రము మీద దేవుని పేరు ఉండవలెనా అన్న ప్రశ్న మనకును ఎదురైనది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో పీఠికను చర్చిస్తున్నప్పుడు, దేవుని పేరిట అన్న మాటతో దానిని ఆరంభించవలెనని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించినాడు. హృదయనాథ కుంజ్రూ దానిని వ్యతిరేకించినాడు: విశ్వాస స్వాతంత్ర్యమును హామీ ఇచ్చే పీఠికలోనే ఒక విశ్వాసమును అందరి మీద మోపుట తగదన్నాడు. దేవుని ఉనికిని ఓట్ల మీద ఆధారపడనివ్వవద్దని పూర్ణిమా బెనర్జీ కామత్‌ను కోరినారు. అయినను ఓటింగు జరిగినది. సవరణకు అనుకూలముగా 41, వ్యతిరేకముగా 68 ఓట్లు వచ్చినవి. వ్యతిరేకముగా ఓటు వేసినవారందరు నాస్తికులు కారు, భక్తులు అనేకులున్నారు. తమ భక్తి తమదే గాని తోటి పౌరుని మీద విధించే శాసనము కాదని వారు తలచినారు. దేశ విభజన రక్తము ఇంకా ఆరకముందే వారు ఆ నిర్ణయము చేయగలిగినారు.

ఈ చరిత్ర గర్వించదగినది. కాని గర్వము దగ్గర ఆగితే మనమును కొండ మీది పట్టణమే అవుతాము. విజయవాడ నగరమును చూడండి. కృష్ణ ఒడ్డున ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ ఉన్నది. ఊరికి మరొక ప్రక్క గుణదల కొండ మీద మేరీమాత ఉన్నది. ప్రతి ఫిబ్రవరిలోను అక్కడ తిరునాళ్ళు జరుగుతవి. పటమటలో నాస్తిక కేంద్రము ఉన్నది. ఈ మూడింటికి సంబంధించిన ప్రజలు ఒకే మునిసిపల్ నీరు త్రాగుతారు, ఒకే బస్సు ఎక్కుతారు, ఒకే ఖజానాకు పన్ను చెల్లిస్తారు. వీరందరి యెడల ప్రభుత్వము ఎట్లు నడచుకొనవలెను?

ప్రభుత్వమునకు మతముతో కలిగే సంబంధము మూడు విధములు. మొదటిది సేవ. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరములు వచ్చినప్పుడు స్నానఘట్టములు కట్టుట, పోలీసు బందోబస్తు చేయుట, వైద్యులను నియమించుట ప్రభుత్వపు విధి. లక్షలమంది ఒకచోట చేరితే, వారు భక్తులైనా బంతియాట చూడవచ్చినవారైనా, ప్రాణరక్షణ ప్రభుత్వమునదే. గుణదల తిరునాళ్ళకును ఇదే సూత్రము వర్తిస్తుంది. ఇందులో మతపక్షపాతము లేదు.

రెండవది పర్యవేక్షణ. ఆలయముల ఆస్తులను పర్యవేక్షించే బాధ్యతను మద్రాసు ప్రభుత్వము 1817లోనే ఒక రెగ్యులేషన్ ద్వారా స్వీకరించినది. క్రైస్తవ ప్రభుత్వము విగ్రహారాధనను పోషించరాదని మిషనరీలు ఆందోళన చేయగా కంపెనీవారు క్రమముగా వెనుకకు తగ్గినారు. 1863 చట్టముతో ఆ బాధ్యత ధర్మకర్తల సంఘములకు పోయినది. తరువాత ఆస్తులు అన్యాక్రాంతమవుతున్నవన్న ఫిర్యాదులతో మరల చట్టములు వచ్చినవి. మన రాష్ట్రములో నేడు అమలులో ఉన్నది 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టము. దీనిని గూర్చి రెండు వైపుల వాదములున్నవి: ప్రభుత్వము ఒక మతపు ఆలయములనే ఇంతగా ఎందుకు పాలించవలెనని కొందరు, పాలించకపోతే మాన్యములు మిగులునా అని కొందరు. ఏ వాదమును స్వీకరించినా ఇది లెక్కలకు, ఆస్తులకు సంబంధించిన ప్రశ్న.

మూడవది ఆరాధన. చిక్కు ఇక్కడనే ఉన్నది. దసరా నవరాత్రులలో రాష్ట్ర ప్రభుత్వము పక్షమున దుర్గమ్మకు పట్టువస్త్రములు సమర్పించే ఆచారమున్నది. ఒక ముఖ్యమంత్రి భక్తుడుగా కొండ ఎక్కితే ఎవరికిని ఆక్షేపణ ఉండదు. ప్రభుత్వమే భక్తుడైతే, ఆ ప్రభుత్వములో గుణదలవారికి, పటమటవారికి గల వాటా ఏమైనట్లు? దీనికి సమాధానముగా ఇతర మతములకు కూడ ఇస్తున్నాముగదా అంటారు. 2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము యెరూషలేము యాత్రికులకు సహాయము ఆరంభించినది. హజ్ యాత్రకు కేంద్ర ప్రభుత్వము ఇచ్చే రాయితీ రాజ్యాంగ విరుద్ధము కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పగా, 2018లో ఆ రాయితీని కేంద్రము నిలిపివేసినది. అందరికి పంచుట ఒక విధమైన సమానత్వమే. కాని ఏ మతము లేనివానికి ఆ పంపకములో వచ్చేది ఏమి?

ఆ ప్రశ్న అడిగిన మనిషి ఈ జిల్లాలోనే ఉండినాడు. గోరా అని లోకము పిలిచిన గోపరాజు రామచంద్రరావు నాస్తికుడనని చెప్పుకొన్నందుకు 1933లో కాకినాడలోను, 1939లో మచిలీపట్నములోను కళాశాల ఉద్యోగములు వదులుకొనవలసివచ్చినది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించి, 1947లో దానిని పటమటకు తరలించినాడు. అతడు అస్పృశ్యతా నివారణకై చేసిన కృషి గాంధీజీని ఆకర్షించినది. గోరా తన కుమార్తెను హరిజన యువకునికి ఇచ్చి వివాహము చేయదలచినప్పుడు, ఆ విధిలో దేవునికి బదులు సత్యమును నిలుపుటకు మహాభక్తుడైన గాంధీజీ అంగీకరించినారు. గాంధీజీ మరణించిన తరువాత, 1948 మార్చిలో ఆ వివాహము సేవాగ్రాములో జరిగినది. ఎవరి విశ్వాసమును వారు వదలలేదు; ఒకరి విశ్వాసము రెండవవారికి అడ్డుగా నిలువలేదు. ప్రభుత్వము నేర్చుకొనదగిన మర్యాద ఇది.

ఈ ప్రశ్న నేడు మన డెల్టా కుటుంబములకు మరొక వైపునుండి ఎదురవుతున్నది. ఇక్కడ అధిక సంఖ్యలో ఉన్న మతమువారి బిడ్డలు అమెరికాలో అల్పసంఖ్యాకులు. 2000 సెప్టెంబరు 14న, ఒహాయో రాష్ట్రములోని పార్మా శివవిష్ణు ఆలయ అర్చకులు వెంకటాచలపతి సముద్రాల అమెరికా ప్రతినిధుల సభలో ప్రార్థన చేసినారు. ఒక హిందువు అక్కడ ప్రార్థించుట అదే మొదటిసారి. కొందరు క్రైస్తవ ప్రచారకులు దానిని ఆక్షేపించినారు. 2007 జూలైలో సెనేట్‌లో మొదటిసారి హిందూ ప్రార్థన జరిగినప్పుడు ప్రేక్షకుల స్థానమునుండి కేకలు వేసి అడ్డు తగిలినారు. 2024లో టెక్సాస్‌లోని షుగర్‌లాండ్ అష్టలక్ష్మీ ఆలయములో తొంబది అడుగుల హనుమంతుని విగ్రహమును ప్రతిష్ఠించగా, మరుసటి సంవత్సరము సెనేట్ పదవికి పోటీచేయదలచిన ఒక రాజకీయవేత్త, క్రైస్తవ దేశములో దీనికి తావెక్కడిదని బహిరంగముగా ప్రశ్నించినాడు. ఆ వార్త విని మన ఇండ్లలో నొచ్చుకొననివారు లేరు. ఆ విగ్రహమునకు అండగా నిలిచినది 1791 నాటి మొదటి సవరణ.

టెక్సాస్ శాసనసభా ప్రాంగణములోని పది ఆజ్ఞల శిలను గూర్చిన వ్యాజ్యము 2005లో సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, అమెరికాలోని హిందువుల సంస్థ ఒకటి ఆ శిలకు వ్యతిరేకముగా తన వాదము సమర్పించినది. ప్రభుత్వ స్థలములో ఒక మతపు చిహ్నము నిలిపితే తక్కిన మతములవారు ఆ ప్రభుత్వమునకు పరాయివారవుతారని దాని సారము. కోర్టు ఆ శిలను ఉండనిచ్చినది. కాని వాదము వాదముగా చాల గట్టిది. ఇప్పుడు ఆ వాదమును ఓడ ఎక్కించి విజయవాడకు తీసుకొనివద్దాము. ప్రభుత్వ కార్యాలయములో ఒక మతపు పటము వ్రేలాడుతుంటే, ప్రభుత్వ పాఠశాలలో ఒక మతపు ప్రార్థనయే జరుగుతుంటే, అక్కడ కూర్చున్న అన్యమతపు పిల్లవాని మనస్సు ఎట్లుంటుంది? షుగర్‌లాండ్‌లోని మన మనుమని మనస్సు ఎట్లుంటుందో అట్లే ఉంటుంది. అక్కడ గోడ కావలెననీ, ఇక్కడ గోడ అక్కరలేదనీ అనే తల్లిదండ్రులు రెండు రాళ్ళతో తూచుచున్నట్లే.

"మాది స్వభావముననే సహనముగల దేశము, మాకు ఎవరు నేర్పవలెను?" అన్న మాట మనము తరచుగా వింటాము. అమెరికనుడు తన దేశమే స్వేచ్ఛకు పుట్టినిల్లు అన్నప్పుడు మనకు కలిగే విసుగే, ఈ మాట విన్నప్పుడు మన పొరుగువానికి కలుగుతుంది. సహనము రక్తములో ప్రవహించే ద్రవ్యము కాదు. దినదినమూ ఆచరించవలసిన నడవడి. లౌకిక తత్త్వము రాజ్యాంగపు మౌలిక లక్షణమని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. అది పత్రముపై ఉన్న హామీ. ఆ హామీ నిలిచినదా లేదా అని చెప్పవలసినవాడు అధిక సంఖ్యాకుడు కాడు. ఆ గదిలో ఒంటరిగా ఉన్నవాడు.

కావున అమెరికా వ్యాఖ్యను విన్నప్పుడు శ్రోతలు మూడు ప్రశ్నలు వేసికొన్న చాలును. ఇది జరిగిన సంగతియా, లేక బోధయా? ఇది ఆ దేశపు చట్టమా, ఆచారమా, లేక ఒక వ్యక్తి అభిప్రాయమా? చెప్పినవాడు ఇదే సూత్రమును తన ఇంటికి వర్తింపజేసినాడా? మూడవ ప్రశ్న అతనిని అడిగిన వెంటనే మనలను కూడ అడుగవలెను. అప్పుడు విసుగు తగ్గి వివేకము మిగులుతుంది. పొగడ్తకు పొంగక, నిందకు ఉలుకక, సంగతిని సంగతిగా చూచే అలవాటు కలుగుతుంది.

దేవుని పేరు ఉండవలెనా వద్దా అని అమెరికా, భారతదేశము ఇంతగా వాదించుకొన్నా, రెండు రాజ్యాంగములు పదవీ స్వీకారమునకు వచ్చేసరికి ఒకే మర్యాదను పాటించినవి. మన మూడవ అనుసూచి ప్రకారము మంత్రిగాని శాసనసభ్యుడుగాని దైవసాక్షిగా ప్రమాణము చేయవచ్చును. దేవుని పేరు ఎత్తక ఆత్మసాక్షిగా ధ్రువీకరించనూవచ్చును. ఇక మీదట ప్రమాణ స్వీకారము ప్రసారమైనప్పుడు శ్రోతలు ఆ మాటను శ్రద్ధగా వినవలెనని కోరుతున్నాము. ఒకరు దైవసాక్షిగా అంటారు. మరొకరు ఆత్మసాక్షిగా అంటారు. ఇద్దరును సంతకము చేసేది ఒకే పుస్తకములో. ఇద్దరికిని దక్కే అధికారము ఒక్కటే. ఇద్దరి మీదను పడే బాధ్యతయు ఒక్కటే.